గుమ్మం దాకా వచ్చిన ధింసా వరస

పోయిన చలికాలం అరకులో సినిమావాళ్లు దిగారు. రెడ్‌లైట్ ఏరియాలో ప్రేమకథట. కథ పట్నానిదే గానీ పొగమంచు మాత్రం మాది కావాలట. ఓ పాత గెస్ట్‌హౌస్ వెనక సందుకి ఎర్రబల్బులు కట్టి, గుమ్మాలకి పూసల తెరలు వేలాడదీశారు. కథలో ఆ సందులో ఆడవాళ్లు పొద్దస్తమానం నవ్వుతూనే ఉంటారు. ఒక్కరూ బట్టలుతకరు, ఎవరికీ జ్వరం రాదు. సుఖమంటే అదేనని దర్శకుడు నాకు వివరించాడు. టీ ఇచ్చాడు కదా అని తలూపాను.

మా ఊరి ఆడవాళ్ల ధింసా ఆట బృందానికి డప్పు వాయించేది నేనే, బయటివాళ్లతో మాట్లాడేదీ నేనే. "పెళ్లిపాట, వెనకాల ఆడితే చాలు" అని సినిమావాళ్ల మేనేజర్ అన్న మాటే ఆడవాళ్లకు చెప్పాను. అతనిచ్చిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టాను.

మా అక్క ఒక్కతే అడిగింది. "పెళ్లికి ఎర్రబల్బులేటిరా?"

"పట్నం పెళ్లక్కా."

రెండుసార్లు ఆడించి తీశాక దర్శకుడు అక్కవైపు వేలు చూపించాడు. "ఆ అమ్మాయిని గుమ్మంలో నిలబెట్టండి. వచ్చే మగాణ్ణి చూసి కన్నుకొట్టాలి."

ధింసాలో ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసుకుంటారు. ముందు నడిచే పెద్దమ్మ నెమలీకల కట్ట దించేదాకా వరస తెగకూడదు. ఆవిడ దించలేదు. అసిస్టెంట్ అక్కను పిలిస్తే పధ్నాలుగు మందీ గుమ్మం ముందుకి వచ్చేశారు.

"ఒక్కరే కావాలమ్మా!"

"ఒక్కర్తీ రాదు బాబూ. కన్నే కదా, నాను కొడతాను. నాకొకటే పన్సేత్తాది, సాల్దా?" అంది పెద్దమ్మ.

లైట్లు పట్టుకున్నవాళ్లు కూడా నవ్వారు. దర్శకుడు మాత్రం నాకు నీతి చెప్పాడు. "ఆ వీధి ఆడవాళ్లవీ బతుకులే తమ్ముడూ. ఎందుకంత చిన్నచూపు?"

అక్క అందుకుంది. "ఆల్లని నానేటీ అన్లేదు బాబూ. ఆల్ల వీధికెప్పుడైనా ఎల్లి అడిగినావా, ఇలగే ఉంటాదా అని? నన్నూ అడగలేదు. పెళ్లన్నారు."

అడగలేదు. అతని పరిశోధనంతా ఫోన్లోనే జరిగింది. రెండు బతుకులను ఒకే ఎర్రబల్బు కింద అవమానించి, దానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నాడు.

"తీసిన బొమ్మ తుడిసెయ్యండి" అంది అక్క. మేనేజర్ కాగితం తెచ్చాడు. ఎవరు ఏ వేషంలో కనిపించినా అభ్యంతరం లేదని అందులో ఉంది. పధ్నాలుగు మంది ఆడవాళ్ల ఒప్పుదల కింద ఒకే సంతకం, నాది. దాన్ని చించబోతే అది జిరాక్స్ అన్నాడు. నా వీరత్వం అక్కడితో సరి.

"ఎడిటింగ్‌లో తీసేస్తాంలే" అని మమ్మల్ని జీపెక్కించారు. అక్క నా పక్క సీటు వదిలి పెద్దమ్మ పక్కన ఇరుక్కుని కూర్చుంది.

సినిమా ఇంకా రాలేదు. ఒక్కో పాటే ఫోన్లో వదులుతున్నారు. ప్రతిసారీ ముందు నేను ఒంటరిగా చూస్తాను, ఆపి ఆపి, వెనకున్న మొహాలన్నీ. తర్వాత అక్క అడుగుతుంది, "నాను లేను కదరా?"

"లేవక్కా."

ఇప్పటిదాకా అది నిజమే.