తోడేలు ముసుగులో ఎవరు

భూపాలపల్లిలో నేను అద్దెకున్న ఇంటి ఓనరు పోలీసు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. జపాన్ యానిమేషన్ సినిమాల్లోని జానపద కథల మీద, వాటిలోని రాజకీయాల మీద నేను సెమినార్ పేపరు రాస్తున్న రోజుల్లో, ఆయన టీ గ్లాసుతో వచ్చి నా ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాడు. ఆ భాష రాదు, కథ అడగడు. తెర మీద ముఖం కప్పుకున్న సైనికుడు కనబడితే మాత్రం, "జర ఆపు బిడ్డా. లోపట ఉన్నోడు ఎవడు?" అనేవాడు.

"ఎవడైతే ఏంది బాపూ, అందరూ ఒక్కటే," అనేదాన్ని.

ఒక మధ్యాహ్నం చూసిన సినిమాలో రాజు తన సైనికులకు తోడేలు ముసుగులు తొడిగి ఊరి మీదికి పంపాడు. తోడేలంటే ప్రభుత్వమని ఆయనకు వివరిస్తున్నాను. అంతలో ఒక సైనికుడు ముసుగు తీశాడు. అతను కొట్టి పడేసింది సొంత చెల్లెలినే.

ఈసారి ఆయన ఆపమనలేదు. నేనే ఆపాను.

"ఒక ధర్నాల మా తమ్ముని చెయ్యి ఇరగ్గొట్టిన," అన్నాడాయన, కరెంటు పోయిందని చెప్పినంత మామూలుగా. "నాకు హెల్మెట్ ఉండె. వాడు కింద పడ్డంక గుర్తువట్టిన. డ్యూటీ దిగి దవాఖానకు పోయి, నేనే అన్నం తినవెట్టిన."

"కొట్టింది నువ్వేనని చెప్పినవా?"

"చెప్పలే."

"మరి ఆయనకు తెల్వదా?"

"కింద పడ్డోనికి బూట్లే కనబడ్తయ్ గద బిడ్డా. ఆ పొద్దుగాల లేసు తెగితే నేను ఒక బూటుకు సుతిలి తాడు కట్టుకున్న. దవాఖానల వాడు ముద్ద నములుకుంట ఆ సుతిలి దిక్కు చూసిండు. అటెన్క ఇంకో ముద్దకు నోరు తెరిచిండు."