గ్లవ్ లోపలి పేర్లు

నిన్న కువైట్‌లోని హవల్లీలో ఒక ఆటసామాన్ల కొట్లో బేస్‌బాల్ గ్లవ్ చూశాను. కొత్త తోలు వాసన తగలగానే నా వేళ్లు దాని లోపలి పట్టీ తిప్పి చూశాయి. పేర్లేమీ లేవు. ఎందుకుంటాయి, కొత్తది కదా.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. అమ్మ ఆసుపత్రి డ్యూటీకి వెళ్తే, సాల్మియాలో నాన్న పనిచేసే చెప్పుల రిపేరు కొట్లో కూర్చునేదాన్ని. ఒకరోజు బల్ల మీద తాళ్లు తెగిన పెద్ద గ్లవ్ కనిపించింది. ఒక్కటే! క్రికెట్‌లో వికెట్ కీపర్‌కి రెండుంటాయి. రెండోది నాన్న పోగొట్టాడనుకున్నాను. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ నాన్నని తీసేస్తాడని భయం. ఎవరికీ చెప్పకుండా కొట్టంతా వెతికాను.

సాయంత్రం దాని యజమాని వచ్చాడు. నెరిసిన గడ్డం, బడిలో కోచ్. "రెండోది దొరకలేదు, మా నాన్నని ఏమీ అనకండి" అని ఇంగ్లీషులో ఏడ్చేశాను. ఆయన నవ్వలేదు. ఈ ఆటలో గ్లవ్ ఒక చేతికేనని, రెండో చెయ్యి బంతి విసరడానికని చూపించాడు. పన్నెండేళ్లు దాంతోనే జీతానికి ఆడాడట. భుజం దెబ్బతిని ఆట మానేసినా, గ్లవ్‌ని మాత్రం వదల్లేదట.

నాన్న అల్లిన కొత్త తాళ్లని కోచ్ తడిమి, గ్లవ్ తొడిగి గుప్పిట బిగించాడు. తర్వాత లోపలి పట్టీ తిప్పాడు. జట్టువాళ్ల సంతకాలు వెలిసిపోయి ఉన్నాయి. వాటి కింద చోటు చూపించి నాన్నకి పెన్ను ఇచ్చాడు.

"నా పేరు కూడా రాయమంటన్నారే అమ్మా! తాళ్లు అల్లినోడి పేరు దేనికంట?"

"రాసెయ్ నాన్నా, తెలుగులో."

మా నాన్న జన్మలో ఒక్క బేస్‌బాల్ కూడా పట్టుకోలేదు. ఆ జట్టులో మాత్రం ఉన్నాడు.