గడియ పెదనాన్న

పెన్‌డ్రైవులంటే పెదనాన్నకు చచ్చేంత అనుమానం. మనుషులు ఎవరైనా సరే, చెప్పులతో సహా ఇంట్లోకి వచ్చేయొచ్చు. పెన్‌డ్రైవు మాత్రం వైరస్ పరీక్ష కాకుండా గడప దాటకూడదు. అందుకే చుట్టాలంతా ఆయన్ని గడియ పెదనాన్న అంటారు. ఆయన ఇంట్లోనే ఉండి పెళ్లి ఆల్బమ్‌లు చేసే తమ్ముడి కూతురికైతే నలుగురిలో ఆయనతో తల కొట్టేసినట్టుండేది.

ఇంట్లో రెండు కంప్యూటర్లు. హాల్లో ఉన్న పాతదానికే ఇంటర్నెట్. వచ్చిన పెన్‌డ్రైవును ఎలకపిల్లను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని ఆయన ముందు దానికే పెట్టేవాడు. లోపలి గదిలోని కొత్తదానికి బయటి గాలి సోకదు. అమ్మాయి ఫొటోలన్నీ అందులోనే.

“ఇదెక్కడెక్కడ తిరిగొచ్చింది అమ్మడూ?”

“నాకేం తెలుసు పెదనాన్నా! దానికేమన్నా సంబంధం చూస్తున్నావా?”

ఒకసారి బావమరిది ఈమెయిల్లో శుభాకాంక్షలు పంపితే ఈయన వెంటనే ఫోన్ చేశాడు. “నిజంగా నువ్వే పంపావా? అయితే మీ అక్క చిన్నప్పుడు ఎక్కడ పడిందో చెప్పు!” పెద్దమ్మ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

రోజూ సాయంత్రం అమ్మాయి పని ముగించగానే ఆ ఫొటోలన్నీ ఓ డిస్కులోకి ఎక్కించి, వైరు పీకి, బీరువాలో పెట్టేవాడు. “దుప్పటి కూడా కప్పు పెదనాన్నా, చలేస్తుంది” అని అమ్మాయి నవ్వేది.

ఒక రోజు పొద్దున్నే ఆల్బమ్ కోసం స్టూడియో యజమాని వచ్చి హాల్లో కూర్చున్నాడు. పెదనాన్న స్నానానికి వెళ్లాడు. స్నేహితురాలు ఊరికే ఇచ్చిన ఆల్బమ్ డిజైన్లు అమ్మాయి పెన్‌డ్రైవులో ఉన్నాయి. వచ్చినాయన ముందు ఈ పరీక్షల తంతు ఏం బాగుంటుందని గబగబా లోపలికెళ్లి పెట్టేసింది. డిజైన్ తెరవబోతే తెర ఎర్రబడింది. డబ్బు కడితేనే ఫొటోలు తెరుస్తామని రాసి ఉంది. పెళ్లి మళ్లీ చేయించలేం కదా!

తువ్వాలుతో వచ్చిన పెదనాన్న తెర చూశాడు, పెన్‌డ్రైవు చూశాడు, అమ్మాయి మొహం చూశాడు. కంప్యూటర్ కరెంటు తీసేశాడు.

“ఏమైందండీ?” హాల్లోంచి పెద్దమ్మ అరిచింది.

“నేనేనే! పరీక్ష చేయకుండా పెట్టేశాను!”

ఇక చూడండి! పెద్దమ్మ పడీ పడీ నవ్వింది. స్టూడియో ఆయనకు టీ పొలమారింది. అప్పటికప్పుడు చుట్టాలందరికీ ఫోన్లు వెళ్లాయి. ఇన్నేళ్లు కాపాడుకున్న పేరు టీ చల్లారేలోపు గంగలో కలిసింది. పెదనాన్న మాత్రం తలొంచుకుని, కొత్తదాన్ని మొత్తం తుడిచి, ప్రోగ్రాములన్నీ మళ్లీ ఎక్కించి, అప్పుడుగానీ బీరువాలోని డిస్కు తీయలేదు. సాయంత్రానికి ఒక్క ఫొటో పోకుండా పెళ్లంతా తిరిగొచ్చింది.

ఆల్బమ్ తీసుకెళ్లడానికి స్టూడియో ఆయన ఆ రాత్రే మళ్లీ వచ్చాడు. “పెదనాన్నగారూ, ఇక గడియ మీకే వేయాలి!” అన్నాడు. పెద్దమ్మ మళ్లీ నవ్వింది. ఆ నవ్వు వింటుంటే అమ్మాయికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఇన్నాళ్లూ తనూ అలాగే నవ్వింది.

“ఆయన కాదు. పెట్టింది నేను” అంది, తలెత్తకుండానే.

పెద్దమ్మ మొహం వాడిపోయింది. “అదేంటే! ఇన్నేళ్లకు ఒక్కసారి దొరికాడనుకున్నానే!”

పెదనాన్న అమ్మాయి వైపు చిరాగ్గా చూశాడు. “చూశావా? మీ పెద్దమ్మ పొద్దున్నించీ ఎంత సంతోషంగా ఉందో! అదీ పాడుచేశావు.”