కుంటి ఎద్దుకు నేను చుట్టిన సున్నా

నా పరువును ఒక కుంటి ఎద్దు తొక్కి పారేసింది. ఆ ఎద్దును నేను కంటితో చూడలేదు. చూడకపోవడమే నా కొంప ముంచింది. వినండి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి రెండేళ్లయింది. నంద్యాలలో ట్రైనింగు ముగించుకుని ఆళ్లగడ్డ మిడిల్ స్కూల్లో చేరాను. పిల్లలు తమ తప్పు తామే తెలుసుకోవాలని ట్రైనింగులో నూరిపోశారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, కొత్త అయ్యవారు బెల్లు కూడా వినడు.

ఏడో తరగతికి ఒక పేరా ఇచ్చి, చదివి జవాబులు రాయమనే పరీక్ష పెట్టారు. రైతు ఆ రోజు ఎందుకు విత్తలేదన్నది ఒక ప్రశ్న. ముప్పైతొమ్మిది మంది ‘వాన రాలేదు’ అని రాశారు. మార్తమ్మ ఒక్కతే ‘ఎద్దు కుంటింది’ అని రాసింది. ఎర్రసిరాతో సున్నా చుట్టాను. ఆ ఒక్క సున్నాతో పిల్ల పరీక్ష తప్పింది.

మరునాడే ఆమె తండ్రి యాకోబు బడికి వచ్చాడు. కూలి చేసుకునే మనిషి, అక్షరం ముక్క రాదు.

“పాప పేరు కొట్టేయండి అయ్యవారూ. తప్పితే కలుపుకు పంపుతానని ముందే చెప్పినా.”

నాకు పట్టుదల వచ్చింది. ఇంత చురుకైన పిల్ల బడి మానడమా? నేనుండగా?

“ఉండు యాకోబన్నా. తప్పేందో పాపతోనే చెప్పిస్తా. చెప్పిందంటే పాస్ చేస్తా.”

మార్తమ్మను పిలిచి ప్రశ్నపత్రం ఇచ్చాను. “నీ తప్పు యాడుందో వెతుకు.”

“కనపళ్లేదు సార్.”

“గట్టిగా చదువు, కనపడుతుంది.”

పిల్ల కళ్లు తుడుచుకుని చదివింది. “రామయ్య వాన కోసం నెల రోజులు ఎదురుచూశాడు...”

“ఆఁ! ఆడనే ఉంది. వాన! ఇంకేం గావాల?”

“ఇంకా ఉంది సార్.”

“ఉంటే ఉండనీ!”

యాకోబు అడ్డుపడ్డాడు. “చదవనీండి అయ్యవారూ, బాగుండాది.”

మార్తమ్మ మళ్లీ అందుకుంది. “ఆ తర్వాత మంచి వాన కురిసింది. విత్తడానికి నేల పదును కుదిరింది. కానీ ఎద్దు కుంటుతున్నందువల్ల రామయ్య ఆ రోజు విత్తలేదు.”

యాకోబు నన్ను జాలిగా చూశాడు. “వాన వచ్చిందంటాంది గదా కాగితం! మీరేంది సార్, రాలేదంటాండారు?”

మా సీమలో విత్తలేదంటే వాన రాలేదనే అర్థం. ఉయ్యాలవాడ రైతు బిడ్డను, ఇక పేరా చదవడం దేనికని మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. పిల్లలూ అంతే. నాతో కలిపి నలభై ఒక్క మందిలో ఆ పేరా పూర్తిగా చదివింది మార్తమ్మ ఒక్కతే. ఆ పిల్లనే ఫెయిల్ చేశాను! సిగ్గుతో చచ్చాననుకోండి.

మార్తమ్మ సున్నా కొట్టేసి మార్కులు వేశాను. మిగతా ముప్పైతొమ్మిది మందికీ సున్నాలు చుట్టేసరికి సిరా అయిపోయింది. యాకోబు కూతురి తల నిమిరి అన్నాడు.

“పాపా, బడి మానొద్దులే. మీ అయ్యవారికి చదువు నేర్పేదానికైనా రా.”

కావున, పాఠకులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పేరా చివరి చుక్క దాకా చదవనిదే ఎర్రసిరా ముట్టను. వాన వచ్చినా సరే, రాకపోయినా సరే.