షెడ్డులో చివర లేచే మనిషి

బాపట్లలో నాదో చిన్న ఫిజియోథెరపీ క్లినిక్. రేపల్లె నుంచి, తెనాలి నుంచి టీచర్లు, గుమాస్తాలు మెడలు పట్టేసి వస్తారు. పాపం బుద్ధిమంతులు. వంగొద్దంటే వంగరు, నేల మీద కూర్చోవద్దంటే కూర్చోరు. వాళ్ళకు నయమైతే ఆ గొప్పంతా నాదే అనుకుంటాను.

మా అమ్మ వేటపాలెంలో ఒక షెడ్డులో జీడిపప్పు పొట్టు తీస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అదే పని. చిన్న పీట మీద ఒక కాలు మడిచి, ఒక మోకాలు నిలబెట్టి, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంటుంది. మోకాళ్ళు అరిగాయి, తొడల్లో కండ కరిగిపోయింది. టేపు పెట్టి కొలవక్కర్లేదు, చీర కట్టుకునేటప్పుడు చూస్తే తెలిసిపోతుంది. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. మానెయ్యమంటే, "మానేసి నీ మొహం చూస్తూ కూర్చోనా?" అంటుంది. నా మొహానికేం తక్కువైందో నాకర్థం కాదు.

ఎలాగూ మానదని తేలిపోయాక, కనీసం కూర్చునే తీరైనా మారుద్దామని ఓనరుగారి దగ్గరకు వెళ్ళాను. మంచాయన. బల్లలు, కుర్చీలు వేయించాడు. ఆడవాళ్ళందరికీ నాతో ఒక పూట పాఠం కూడా చెప్పించాడు. వారం తిరక్కుండానే వాళ్ళు కుర్చీల మీద కాళ్ళు పైకి పెట్టుకుని బాసింపట్టు వేసుకున్నారు. "పళ్ళెం ఒళ్ళో లేకపోతే చెయ్యి ఆడదండి" అంది ఒకామె. తర్వాత కుర్చీలు గోడవారకు చేరాయి. వాటి మీద ఇప్పుడు టిఫిన్ బాక్సులు పెట్టుకుంటున్నారు. తప్పు పట్టలేకపోయాను. కిలోల లెక్కన కూలి తీసుకునేవాళ్ళకు చెయ్యి ఆడటమే ముఖ్యం.

ఆ షెడ్డులో ఒక అలవాటుంది. పని వదిలాక ఎవరికి వాళ్ళు లేవరు, లేవలేరు. ముందు ఒకామె గోడ పట్టుకుని లేస్తుంది. పక్కనున్నామెను రెండు చేతులూ పట్టి పైకి లాగుతుంది. లేచినామె ఇంకొకామెను లాగుతుంది. అలా మూలుగుతూ, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ అందరూ లేస్తారు. నా పాఠంలో అదీ వద్దన్నాను. చేతులు పట్టి లాగితే భుజాలు పోతాయి, ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నెమ్మదిగా లేవండి అన్నాను. నేను చదువుకున్నదాని ప్రకారం సరైన మాటే. అందరూ తలూపారు. మర్నాటి నుంచి మళ్ళీ మామూలే.

మొన్న వానల్లో ఒక సాయంత్రం క్లినిక్ త్వరగా కట్టేసి, అమ్మను ఇంటికి తీసుకెళ్దామని స్కూటీ మీద వెళ్ళాను. అందరూ వెళ్ళిపోయారు. అమ్మ ఒక్కతే పీట మీద ఉంది, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"ఏంటమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నావు?"

"కాసేపుండి లేద్దామని."

"రోజూ ఇంతేనా?"

 మెల్లగా చెప్పింది. "పక్కామెకి భుజం బాలేదు. లాగొద్దని నువ్వే చెప్పావు గదా. నా బరువు పడితే రేపు ఆమె పనికి రాలేదు. అందుకే మీరు పొండి, మా అమ్మాయి వస్తుందని చెప్తా. వాళ్ళు వెళ్ళాక గోడ దాకా జరుక్కుంటూ పోయి లేస్తా."

నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. వెనక నిలబడి, మోకాళ్ళు వంచి, అమ్మ చంకల కింద చేతులు వేసి లేపాను. మనిషిని ఎలా లేపాలో నాకు బాగా తెలుసు, అదే నా బతుకుతెరువు. కానీ లేపుతున్నంతసేపూ ఆ కాళ్ళ నుంచి నాకు ఏ సాయమూ అందలేదు. అమ్మ బరువంతా నా చేతుల్లోనే ఉంది.

స్కూటీ ఎక్కించాక నా నడుం పట్టుకుంది. కొంతదూరం వచ్చాక, "రేపటి నుంచి పొద్దున కూడా నువ్వే దింపుతావా? బస్సు మెట్టు ఎక్కలేకపోతున్నా" అంది.

ఈసారి పని మానెయ్యమని అనలేదు. అలాగేనన్నాను.