ఆపకుండా ఉంచిన ఇంజను

మొన్న కొబ్బరి తోటకు నీళ్లు తోడే డీజిలు మోటారుకు బెల్టు కొందామని పలాస వెళ్లాను. స్పేర్ పార్టుల దుకాణంలో నా ముందున్న డ్రైవరొకాయన ఒక స్ప్రే డబ్బా మూత తీసి, పనిచేస్తుందో లేదోనని గాల్లోకి తుస్సుమనిపించాడు. మొండికేసిన లారీ ఇంజన్లను లేపడానికి గాలి గొట్టంలోకి కొడతారే, ఆ స్ప్రే. తియ్యగా, చల్లగా, ముక్కులోంచి నేరుగా నెత్తికెక్కే వాసన. దుకాణదారు బెల్టు సైజు అడుగుతున్నాడు. నాకు సైజు కాదు కదా, వచ్చిన పనే గుర్తు రాలేదు. వెళ్లి మెట్టు మీద కూర్చున్నాను. వడదెబ్బేమో అనుకుని పాపం మంచినీళ్లిచ్చారు. మబ్బు పట్టిన పొద్దున వడదెబ్బేమిటని వాదించకుండా తాగేశాను. మా అప్ప చేతులకు ఎప్పుడూ ఆ వాసనే ఉండేది.

మా వైపు అక్కను అప్ప అంటాం. అప్పను చేసుకున్న బావకు పెళ్లినాటికే ఒక పాత లారీ ఉంది. నౌపడ ఉప్పూ, ఉద్దానం కొబ్బరికాయలూ మోసి మోసి దాని ఒళ్లంతా తుప్పు పట్టింది. ఇంజను అరిగిపోయి, చలికాలం పొద్దున్నే తాళం తిప్పితే దగ్గేది తప్ప లేచేది కాదు. ఇంజను విప్పి బాగుచేయిద్దామని మెకానిక్కు అన్నప్పుడల్లా "వచ్చే నెల" అనేవాడు బావ. ఆ వచ్చే నెల ఏళ్ల తరబడి రాలేదు గానీ, దాని బదులు స్ప్రే డబ్బా వచ్చింది. దానితో పనికి ఇద్దరు మనుషులు కావాలి. లోపల తాళం తిప్పడానికి బావ, బయట కొట్టడానికి అప్ప. వాకిట్లో ముగ్గు పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, చీర ఎగ్గట్టి బంపరెక్కేది. ఇంజను తిరగడం మొదలయ్యాకే కొట్టాలి, అదీ పిసరంతే. ఎక్కువైతే లోపల ఢామ్మని ఇంజనే బద్దలవుతుంది. అప్ప చెవి ఒగ్గి, ఆ దగ్గులో మాకెవరికీ వినపడని తేడా ఏదో విని, ఒక్కసారి తుస్సుమనిపించేది. లారీ బుర్రుమని లేచేది. "మీ బావ తాళం తిప్పుతాడు గాని, బండి నెగ్గొట్టేది నానే" అని, బండిని లేపేది తానేనని నా ముందు గొప్పలు పోయేది. మెకానిక్కు మాత్రం తల పట్టుకునేవాడు. "అలవాటు సేసేత్తన్నారమ్మా. రేపు అది నేకపోతే ఇది నెగదు."

ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి నేను కొత్తగా చెప్పేదేముంది. ప్రతి వీధికీ వచ్చినట్టే మా వీధికీ వచ్చింది, అప్పకు వచ్చింది. వారానికి రెండుసార్లు పలాసలో డయాలిసిస్‌. ఆటోలో వెళ్లేది, సాయంత్రానికి తోటకూర కాడలా వాడిపోయి వచ్చేది. బంపరెక్కే ఓపిక పోయింది. బావ చలిలో లారీ బయటికి తీయడమే మానేశాడు.

అప్పుడొచ్చింది తుపాను. కొబ్బరి చెట్లు దారికడ్డంగా పడ్డాయి, కరెంటు పోయింది, ఊరి బయట కల్వర్టు మీంచి నీళ్లు పారుతున్నాయి. అప్పకు డయాలిసిస్‌ తప్పిపోయింది. ఒళ్లంతా నీరు పట్టింది. పడుకుంటే ఊపిరాడదని రాత్రంతా గోడకానుకునే కూర్చుంది. ఆవిడ ఊపిరి చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది. ఆటో రాదు, అంబులెన్సు రాలేదు. ఆ నీళ్లలో పోగలిగేది ఎత్తయిన లారీ ఒక్కటే. ఊళ్లోవాళ్లు గొడ్డళ్లు పట్టుకుని తోటల్లోంచి దారి చేశారు. ఇక లారీ లేవాలి. అది లేవకపోతే అప్ప దక్కదు.

అప్పను క్యాబిన్లో కూర్చోబెట్టి బావ తాళం తిప్పాడు. వానకు నాని ఉన్న బండి ఒకసారి మూలిగి ఊరుకుంది. బ్యాటరీ ఎంతసేపు ఉంటుందో తెలియదు, ఛార్జింగుకు కరెంటు లేదు. స్ప్రే డబ్బా ఊపి చూస్తే అడుగున కొంచెం ఆడుతోంది. వేడికి ఆయిలు పల్చబడితే ఇంజను తేలిగ్గా తిరుగుతుందని, బావ పొయ్యిలోకి దాచిన జీడిపిక్కల తొక్కు ఇనపతట్టలో రాజేసి లారీ కిందికి తోశాడు. చలిరోజుల్లో మా వైపు డ్రైవర్లు చేసే పనే అది. జీడితొక్కు నూనె కారుతూ భగభగ మండుతుంది, పొగ కళ్లు మండిస్తుంది. ఆ పొగలోనే డబ్బా నా చేతిలో పెట్టి, "నాను తిప్పుతాను, నువ్వు కొట్టు" అని బావ క్యాబినెక్కాడు. నేను బంపరెక్కి మూత తీశాను.

"ఓలమ్మా, నిప్పు!" అప్ప గొంతు. అంత గొంతు ఆవిడలో ఇంకా ఉందని నాకు తెలియదు. "కింద మంట ఎట్టుకుని అది కొడతారేటి! ముందు నిప్పు తియ్యండి!"

నిప్పురవ్వ తగిలితే చాలు, ఆ స్ప్రే భగ్గుమంటుంది. జీవితమంతా లారీతో గడిపిన బావకు తెలియదా? ఆ పూట మాకిద్దరికీ బుర్రలు పనిచేయలేదు, అంతే. బావ దూకి ఉత్త చేతుల్తో తట్ట బయటికి లాగేశాడు. పొగ పోయేదాకా ఆగి మళ్లీ తాళం తిప్పాడు. నేను తొందరపడి నొక్కేస్తే, ఇంజను తిరక్కముందే సగం స్ప్రే గాలికి పోయింది. బావ స్టీరింగు మీద తల పెట్టుకుని "నా వల్ల కాదే" అని ఏడ్చేశాడు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

అప్ప దిగింది. ఎలా దిగిందో నేను చూడలేదు, పక్కకు తిరిగేసరికి నా భుజం పట్టుకుని నిలబడి ఉంది. "ఇలా తే" అంది. నడుం పట్టుకుని బంపరు మీదికెత్తాను. నీరు పట్టిన ఆ బరువు ఇప్పటికీ నా చేతుల్లో ఉంది. "తిప్పు" అంది బావతో. ఇంజను మూలుగుతోంది. అప్ప చెవి ఒగ్గి వింటోంది, కొట్టదు. బ్యాటరీ నీరసిస్తోంది, అయినా కొట్టదు. కొట్టవే అని అరవబోయాను. తుస్సుమంది. లారీ తెల్లటి పొగ కక్కి, ఒళ్లంతా ఊగిపోయి, లేచింది. డబ్బా ఖాళీ. "మరింక ఆపకు" అంది అప్ప బావతో, రొప్పుతూ. "నాను తిరిగొచ్చీదాకా ఆపకు."

బావ ఆపలేదు. పలాసలో దుకాణాలన్నీ మూసి ఉన్నాయి, మరో డబ్బా దొరకదు. ఆస్పత్రి గేటు బయట ఇంజను నడుస్తూనే ఉంది. లోపల రోగులున్నారు, ఆపమని వాచ్‌మన్‌ కేకలేశాడు. "రోగి కోసమే బాబూ ఆపనేదు" అన్నాడట బావ. లోపల మంచం పక్కన నేను కూర్చున్నాను. అప్ప కళ్లు మూసుకుంది, నిద్రపోయిందనుకున్నాను.

"ఇనిపిత్తందా?" అంది.

"ఇనిపిత్తంది" అన్నాను.

అప్పుడు నిద్రపోయింది. రోడ్డు మీద ఇంకో బండి పోయి ఆ చప్పుడు మరుగైనప్పుడల్లా నేను కిటికీ దగ్గరికి పరిగెత్తాను.

ఆ తర్వాత అప్ప రెండు జీడిపంటలు చూసింది. మూడోది చూడలేదు. ఆవిడ పోయాక బావకు ఆ వచ్చే నెల వచ్చింది. ఇంజను మొత్తం విప్పించి బాగుచేయించాడు.

మొన్న బెల్టుతో పాటు ఒక స్ప్రే డబ్బా కూడా కొన్నాను, ఎందుకో చెప్పలేను. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేటికి? ఇప్పుడు తాళం తిప్పితే సాలు, నెగిసిపోతంది కదా" అన్నాడు. అన్నాడు గానీ తిరిగివ్వలేదు. క్యాబిన్లో, అప్ప పెట్టే చోటే పెట్టాడు. తర్వాత ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. ఆ తుపాను పొద్దున అప్పకు ఒక్క పూట కాలం దక్కాలని ముగ్గురం అంత కొట్టుకులాడాం. ఇప్పుడు కాలం బోలెడంత ఉంది, దీన్నేం చేసుకోవాలో మా ఇద్దరికీ తెలియడం లేదు.