ఒకే అడ్రసు నుంచి వచ్చినవాళ్లు

రాజ్యం నాచారంలోని ఒక దారం మిల్లు టైమాఫీసులో పందొమ్మిదేళ్లు పనిచేసింది. మిల్లు మూతపడే నాటికి ఆమెకు నలభై రెండేళ్లు.

అన్నేళ్లూ ఆమె చేసింది ఒకే పని. గేటు దగ్గరి గడియారంలో కార్మికులు పెట్టి తీసిన పంచింగ్ కార్డులు చూడటం. ఎవరు వచ్చారో, ఎవరి బదులు ఇంకెవరు కార్డు కొట్టారో తేల్చడం.

చేరిన ఏడాది ఒక తప్పు చేసింది. తొమ్మిది మంది ఆడవాళ్ల కార్డులు వారం పాటు రోజూ ఒకే నిమిషంలో పడ్డాయి. ఒకరే తొమ్మిది కార్డులూ కొడుతున్నారని రాసి పంపింది. ఆ తొమ్మిది మందినీ మూడు రోజులు గేటు బయట నిలబెట్టారు. వాళ్లంతా జవహర్‌నగర్ నుంచి ఒకే సెవెన్ సీటర్ ఆటోలో వచ్చేవాళ్లని తర్వాత తెలిసింది. నాలుగో రోజు వాళ్లలో మల్లవ్వ అనే ఆమె టైమాఫీసు కిటికీ దగ్గర ఆగింది.

"గడియారం మంచిగనే సూసినవ్ బిడ్డా. జర తల బయట వెట్టి ఆటో గూడ సూడరాదు?" అంది.

తిట్టలేదు. లోపలికి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి షిఫ్టు మొదలయ్యే వేళకు రాజ్యం గేటు దగ్గర నిలబడటం అలవాటు చేసుకుంది.

మిల్లు పోయాక ఒక ఏడాది ఖాళీగా ఉంది. 2010లో ఉప్పల్ రింగురోడ్డు దగ్గర, టైర్ల షాపు పైన రెండో అంతస్తులో ఒక చిన్న కంపెనీలో పని దొరికింది. ఇరవై ఎనిమిది కంప్యూటర్లు. ఇరవై ఏడు మంది పాతికేళ్ల లోపు పిల్లలు, ఒక రాజ్యం. కంప్యూటర్ ఆమె మిల్లు చివరి రోజుల్లో నేర్చుకుంది. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, మాట్లాడాలంటే ఆగి ఆగి వస్తుంది.

పని కొత్తదే. ఇంటర్నెట్‌లో ఎవరో ఒక వెబ్‌సైట్ నడుపుతారు. దాని పక్కన యాడ్లు ఉంటాయి. చూసేవాళ్లు యాడ్ మీద నొక్కినప్పుడల్లా యాడ్ ఇచ్చినవాళ్లు కొంత చెల్లిస్తారు, అందులో సైటు నడిపేవాళ్లకు వాటా వస్తుంది. అందుకని కొందరు తమ సైటులోని యాడ్‌ను తామే నొక్కుతారు, స్నేహితుల చేత నొక్కిస్తారు. అవి చెల్లని క్లిక్కులు. ప్రతి క్లిక్కు వెంట అది బయల్దేరిన కనెక్షన్ నంబరు, అంటే అడ్రసు, వస్తుంది. ఒకే అడ్రసు నుంచి ఎక్కువ క్లిక్కులు వస్తే మిషను ఆ సైటును దొంగ కింద పక్కన పెడుతుంది. ఉప్పల్‌లో కూర్చున్నవాళ్లు ఒకసారి చూసి సరేనని నొక్కాలి.

మూడు నెలలు పరీక్ష. ఆమె తీర్పుకూ మిషను తీర్పుకూ తేడా వందకు ఐదు దాటకూడదు. దాటితే ఇంటికి.

రెండో నెల ఆమెది ఏడు. మూడో నెల చివరి వారానికి కష్టం మీద ఐదుకు తెచ్చుకుంది. ఇంకొక్క తేడా వస్తే ఐదు దాటుతుంది.

ఆ వారమే ఆ ఫైలు వచ్చింది. ఐటీఐ చదివినవాళ్లకు ఉద్యోగాల సమాచారం ఇచ్చే సైటు. నెలలో వచ్చిన రెండు వందల అరవై క్లిక్కుల్లో రెండు వందల పద్నాలుగు ఒకే అడ్రసు నుంచి వచ్చాయి. ఊరు హైదరాబాద్. సైటు ఖాతా మూసేయమని మిషను రాసింది.

రాజ్యం సరే నొక్కలేదు. కాగితం తీసి గీతలు గీసి, క్లిక్కులు పడిన వేళలన్నీ రోజు వారీగా రాసుకుంది. పక్క సీటు విక్రమ్ తొంగి చూశాడు. రామంతాపూర్ పిల్లవాడు, ఇరవై మూడేళ్లు.

"ఏందక్కా, వీళ్లకు గూడ హాజరు ఏస్తున్నవా?"

"ఏస్తున్న. నువ్వు జర గమ్మునుండు."

"మేడం సూస్తే నీకు గైరాజరు ఏస్తది."

ఆమె తల ఎత్తకుండా రాస్తూ పోయింది. ఇక్కడ వెళ్లి నిలబడటానికి గేటు లేదు. వేళలే ఉన్నాయి.

మధ్యాహ్నం తిన్నాక టీమ్ లీడ్ హిమజ వచ్చింది. హబ్సిగూడలో ప్రభుత్వ ల్యాబులో పనిచేసే రామ్మోహనరావు అనే ఆయన కూతురు. మెత్తగా మాట్లాడుతుంది.

"రాజ్యం గారూ, పొద్దుట్నుంచి ఒక్క ఫైలు దగ్గరే ఉన్నారు. ఇది మీకు చివరి వారం. మిషన్ చెప్పినట్టు వదిలేస్తే మీ ఉద్యోగం నిలబడుతుంది."

"వదిలెయ్యొచ్చు మేడం. గాని ఇది ఒక్కరి పని గాదు."

"అడ్రస్ ఒకటేగా."

"అడ్రస్ ఒక్కటే. మనుషులు మస్తు మంది. నెట్ సెంటర్ అయ్యుంటది. సూడున్రి, పొద్దుగాల ఒక్కరో ఇద్దరో. రెండున్నర అయిందంటే గుంపు. మా దిక్కు మిల్లులల్ల ఫస్ట్ షిఫ్ట్ రెండింటికి ఇడుస్తరు. గా అడ్రస్ ఎనక ఒకటి గాదు, ఏడు కంప్యూటర్లు కనబడుతున్నయ్. యాడ్ తెరిచి ఒకరు వెంటనే మూసిన్రు, ఇంకొకరు నాలుగు నిమిషాలు సదివిన్రు. ఇరవై ఆరు మంది ఫారం గూడ నింపిన్రు."

"ఏదైనా ప్రోగ్రామ్ పెట్టి కూడా ఇలా చేయించొచ్చు."

"ఈ నెలల రెండొద్దులు బంద్ ఉండె. ఆ రెండొద్దులు ఒక్క క్లిక్కు లేదు. ప్రోగ్రామ్‌కు మన బంద్ సంగతి ఎవలు జెప్తరు?"

హిమజ కుర్చీ లాక్కుని కూర్చుంది. కాగితాన్ని తన వైపు తిప్పుకుంది.

"మరి ఇవేంటి? పదకొండింటికి వరసగా ఉన్నాయి."

"గవి దొంగయే. మూడొద్దుల్ల పందొమ్మిది. ఒక్క కంప్యూటర్, ఆరు సెకన్లకొకటి. ఒక్క చెయ్యి. సైటాయనో, ఆయన దోస్తో. గవి కొట్టేయున్రి. తక్కినోళ్లు ఏం జేసిన్రు?"

హిమజ ఆ పందొమ్మిది వేళల కింద గీత గీసింది.

"పైకి, మనకు పని ఇచ్చే కంపెనీకి పంపిస్తాను. కానీ మీ తేడా ఐదు దాటుతుంది. అది నా చేతిలో లేదు."

"తెల్సు మేడం. పంపున్రి."

రాజ్యం చెప్పింది చెప్పినట్టు హిమజ ఇంగ్లీషులో రాసింది. కాగితాన్ని స్కాన్ చేసి జతపరిచింది.

ఐదో రోజున పరీక్ష గడువు ముగిసింది. జవాబు రాలేదు. వచ్చేదాకా రమ్మని హిమజ అంది. రాజ్యం మేనేజర్ గది వైపు చూడకుండా రోజూ ఎనిమిదింటికే వచ్చి కూర్చుంది.

"అక్కా, నీ సెండాఫ్‌కు సమోసాలు తేవాల్నా, మిర్చీలా?" అన్నాడు విక్రమ్.

"నువ్వు గా పైసలు తీసిననాడు సూద్దాం."

తొమ్మిదో రోజు జవాబు వచ్చింది. హిమజ దాన్ని రాజ్యం తెర మీదే తెరిచింది. పందొమ్మిది క్లిక్కులు రద్దు, సైటు నడిపేవాళ్లకు హెచ్చరిక. మిగతావి చెల్లుతాయి. ఖాతా మూయరు. ఈ మూడు నెలల్లో మిషను తీర్పును రాజ్యం కాదన్న పాత ఫైళ్లు కూడా తిరిగి చూశారట. పద్నాలుగింటిలో పది ఆమె చెప్పినట్టే ఉన్నాయి. ఒకే అడ్రసు వెనక చాలామంది ఉన్నట్టు కనిపించే ఫైళ్లను ఇకమీదట ముందుగా మనిషి చూడాలని రాశారు.

"ఆ ఫైళ్లు మేనేజర్ గారు మిమ్మల్నే చూడమన్నారు. ఉద్యోగం ఖాయం చేసిన లెటర్ సాయంత్రం ఇస్తారు," అంది హిమజ.

"తక్కిన నాలుగు ఏం తప్పాయె మేడం?"

"ఏంటండీ?"

"పద్నాలుగుల పది సరే. నాలుగు నేను తప్పు జేసిన. గవి జర జూపెడ్తరా?"

ఇద్దరూ ఆ నాలుగూ చూశారు. రెండింటిలో తప్పు రాజ్యానికి వెంటనే కనిపించింది. మూడోది హిమజ వివరించాక తెలిసింది. నాలుగోది ఇద్దరికీ అర్థం కాలేదు.

సోమవారం నాడు కొత్త వరుసలో నలభై మూడు ఫైళ్లు వచ్చాయి. మొదటిది కాలేజీ పిల్లలు చూసే సైటు, క్లిక్కుల అడ్రసు మనీలా పక్కన ఏదో ఊరిది. వేళలన్నీ ఒకచోట గుంపు కట్టాయి. ఆమె కాగితం మీద గీతలు గీసింది. ఆ ఊరి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందని పైన రాసుకుంది. తర్వాత ఆగింది.

"విక్రమ్, ఈ ఊర్ల కాలేజీలు ఎన్నింటికి ఇడుస్తరు?"

"నాకేం ఎర్కక్కా. నేను మా కాలేజీకే సక్కగ పోలే."

"జర ఎతికి సూడు."

విక్రమ్ తన కుర్చీని ఆమె బల్ల దగ్గరకు జరుపుకున్నాడు.